మా ఆయన సాయంత్రం రొట్టె మానేశాడు

సెప్టెంబరు 1, సోమవారం

మా ఆయన లావయ్యాడని కంపెనీవాళ్ళు ఇవాళ కనిపెట్టారు. నేను పదేళ్ళ కిందటే కనిపెట్టాను. ప్యాంటు కొలతలు తీసేది నేనే కదా.

ఓడరేవులో పైకెక్కే ప్రతి మనిషికీ కొత్త బెల్టులు వచ్చాయట. భుజాల మీదుగా, తొడల చుట్టూ పట్టీలు. కాలు జారినా మనిషి గాలిలో వేలాడుతూ ఉంటాడు తప్ప కింద పడడు. మంచిదే. అయితే దాని మీద నూరు కిలోలు అని అచ్చేసి ఉంది. మనిషి, బట్టలు, బూట్లు, నడుముకి కట్టుకునే పనిముట్ల సంచి, అన్నీ కలిపి అంతకు మించకూడదు. మా ఆయన అన్నీ కలిపి నూట నాలుగు.

నవంబరు నెలాఖరున తూకం వేస్తారు. దాటితే ఇక ఆయన నడిపే క్రేన్ ఎక్కడానికి లేదు. కింద నిలబడి చేతిలో రేడియో పట్టుకుని, పైనున్నవాడికి కుడికి, ఎడమకి, ఇంకొంచెం అని చెప్పే పని ఇస్తారు. మూడు నెలలు టైముంది.

"కింద పని కూడా పనేగా" అన్నాను.

ఆయన చూసిన చూపుకి పొయ్యి మీద కూర మాడింది. అంటే, నేను కలపడం మర్చిపోయాననుకోండి. అయినా ఈ 'అనుకోండి' ఎవరితో అంటున్నానో. చదివేది నేనొక్కదాన్నే.

సెప్టెంబరు 2, మంగళవారం

తమ్ముడు వచ్చాడు. వాడికి రెండు వీధుల అవతల సెలూన్ ఉంది. ఊళ్ళో సగం తలలు వాడి చేతికింద వంగుతాయి కాబట్టి సగం ఊరి జ్ఞానం తన దగ్గరే ఉందని వాడి నమ్మకం.

"బావా, నువ్వు పస్తులుండక్కర్లేదు. సాయంత్రం ఆరు దాటాక పిండిపదార్థం ముట్టకు. రొట్టె లేదు, అన్నం లేదు, దుంప లేదు. అంతే. నువ్వు పడుకుని గురక పెడుతుంటే ఒళ్ళు దాని కొవ్వు అదే తినేస్తుంది."

"మరి పగలు?"

"పగలు నీ ఇష్టం. పగలు పనిచేస్తావుగా, కరిగిపోతుంది."

"ఏం పని? కుర్చీలో కూర్చుని రెండు కర్రలు అటూ ఇటూ తిప్పడమేగా" అన్నాను.

"నీకు తెలీదు, ఊరుకో" అన్నారు ఇద్దరూ ఒకేసారి. బావా బావమరిది మామూలుగా దేనికీ కలవరు. నా నోరు మూయించడానికి మాత్రం ఎప్పుడూ కలుస్తారు.

ఇంత చెప్పిన మా తమ్ముడి పొట్ట కత్తెర పెట్టుకునే జేబుకంటే ముందు నడుస్తుంది. ఆ మాటంటే, "నేను బెల్టు కట్టి ఎక్కాలా ఏంటి? కుర్చీ చుట్టూ తిరిగితే చాలు" అన్నాడు. చెప్పేవాడికి వినేవాడు లోకువ.

సెప్టెంబరు 3, బుధవారం

మొదటి సాయంత్రం. పళ్ళెంలో రెండు గుడ్లు, ఉడికించిన క్యాబేజీ, గిన్నెడు సూపు.

"దీని పక్కన ఏమిటి?" అన్నాడు.

"దీని పక్కన గ్లాసు."

తిన్నాడు. కుర్చీలోంచి లేవలేదు. ఇంకేదో వస్తుందన్నట్టు వంటగది వైపు చూస్తూ కూర్చున్నాడు. పెళ్ళయినప్పటినుంచి భోజనం చివర రొట్టెతో గిన్నె తుడిచి తినే మనిషి. ఇవాళ చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక పళ్ళెం తిప్పుతున్నాడు.

సెప్టెంబరు 5, శుక్రవారం

గాలి ఎక్కువ. ఒకే ప్యాంటుకి జిప్పు రెండుసార్లు తిరగేసి కుట్టాను.

సెప్టెంబరు 9, మంగళవారం

ఆయన ముందు రొట్టె తినడం నాకు బాధగా ఉంది. కాబట్టి ఆయనతో కూర్చుని సూపు తాగి, తర్వాత ముందుగదికి, అంటే నా షాపుకి వచ్చి, కుట్టు మిషను వెనక నిలబడి తింటున్నాను. వెన్న రాసుకుని. వెన్న లేకుండా నిలబడి తినడం మరీ దీనంగా ఉంటుంది.

"మిషను కింద రొట్టె పొడి ఎలా వచ్చింది?" అని అడిగాడు.

"ఎలకలు."

నన్ను తలనుంచి కాలిదాకా చూసి, "ఎలక బాగా బలిసిందే" అన్నాడు.

సెప్టెంబరు 14, ఆదివారం

ఆయనకి తూకం మీద నమ్మకం లేదు, ప్యాంటు మీద ఉంది. డిస్పెన్సరీకి వెళ్ళి బరువు చూసుకోమంటే, ఉడుకుతున్నదానికి మాటిమాటికీ మూత తీయకూడదంటాడు. ఇవాళ స్నానం చేసి డ్యూటీ ప్యాంటు వేసుకున్నాడు. బొత్తాం పెట్టి, వేలు లోపలికి దూర్చి చూశాడు. వేలు దూరలేదు. ఇంకోసారి చూశాడు. మంచం మీద కూర్చుండిపోయాడు.

"నావల్ల కాదులే. కడుపు మాడ్చుకోవడమే తప్ప ఒరిగిందేం లేదు. రేపట్నుంచి రొట్టె పెట్టేయ్" అన్నాడు.

ఇన్నేళ్ళుగా చూస్తున్నాను, ఆ మనిషి భుజాలు అలా వాలడం ఎప్పుడూ చూడలేదు.

ఆయన తమ్ముడి దగ్గరికి గడ్డానికి వెళ్ళినప్పుడు ప్యాంటు తీసుకుని మిషను దగ్గర కూర్చున్నాను. నడుం పట్టీ వెనక కుట్టు విప్పాను. లోపల నేనే వదిలిన మిగులు గుడ్డ ఉంది. వేలెడు మందం వదులు చేసి, అదే రంగు దారంతో, అదే సైజు కుట్టు వేశాను. పాత కుట్టు చిల్లులు ఇస్త్రీ ఆవిరికి మూసుకుపోయాయి. నా చేతిపని నేనే మెచ్చుకోకూడదు కానీ, దేశంలో ఏ దర్జీ కూడా పట్టుకోలేడు.

ఇది మోసం కాదు. నడక నేర్చుకునే పిల్ల పడిపోతే ఏం కాలేదు, ఏం కాలేదు అంటాం, అలాంటిది.

సెప్టెంబరు 15, సోమవారం

వేలు దూరింది! ఇల్లంతా తిరిగి చూపించాడు. ఇల్లంటే నాకు, అద్దానికి.

"చూశావా? నిన్నంతా కొవ్వు లోపల కరుగుతూ ఉందన్నమాట. ఇవాళ బయటపడింది."

"మరే, అలాగే ఉంటుంది" అన్నాను, నోట్లో గుండుసూదులు పెట్టుకుని. నోట్లో గుండుసూదులుంటే ముఖం ఎలా ఉన్నా ఎవరూ అనుమానించరు.

సాయంత్రం వస్తూ ఈలేసుకుంటూ వచ్చాడు. గుడ్లు తిని, "బాగున్నాయి" అన్నాడు. నాకు ఎంత సంతోషమేసిందో.

సెప్టెంబరు 16, మంగళవారం

మిగతా మూడు ప్యాంట్లూ కూడా చేసేశాను. ఒకటి చేశాక తప్పదు.

సెప్టెంబరు 21, ఆదివారం

మధ్యాహ్నం డబ్బాలో మూడు రొట్టెలు పెట్టేదాన్ని. ఈ వారం ఐదు పెట్టమన్నాడు. దుంపల కూర గిన్నె కూడా పెద్దది కావాలన్నాడు.

"రాత్రికి లేదుగా మరి. పగలు నీ ఇష్టం అన్నాడు మీ తమ్ముడు."

కుండలో కూడు కుండలోనే ఉండాలి, బిడ్డ మాత్రం దుడ్డులా ఉండాలన్నట్టుంది వ్యవహారం. నోటిదాకా వచ్చింది. అనలేదు. కష్టపడే మనిషి, తింటే తప్పేంటి? ఐదూ సర్దాను. అన్నిటికీ వెన్న కూడా రాశాను.

సెప్టెంబరు 28, ఆదివారం

మళ్ళీ వేలు దూరడం లేదని ముఖం వేలాడేశాడు. మళ్ళీ సగం వేలు మందం వదిలాను. ఇక లోపల గుడ్డ పెద్దగా లేదు.

నావి కూడా రెండు వదులు చేసుకున్నాను. నిలబడి తింటే ఒంటికి పట్టదంటారు. అబద్ధం.

అక్టోబరు 2, గురువారం

తమ్ముడి సెలూన్‌లో మా ఆయన ఇప్పుడు ఒక వింత. గడ్డం గీయించుకోవడానికి వచ్చినవాళ్ళందరికీ "చూడండి మా బావని, ఒక్క రొట్టె మానేస్తే ఏం జరిగిందో" అని చూపిస్తున్నాడట. ఈయన కుర్చీలోంచి లేచి, ప్యాంటు నడుం దగ్గర పట్టి లాగి చూపిస్తున్నాడట. అలా ఇప్పటికే ముగ్గురు సాయంత్రం రొట్టె మానేశారు. ఒకాయన భార్య నాకు జాకెట్ ఇవ్వడానికి వచ్చి, "మీ ఆయన పుణ్యమా అని మా ఇంట్లో రోజూ గొడవే" అంది.

అక్టోబరు 7, మంగళవారం

ఓడరేవు డిస్పెన్సరీ నర్సమ్మ వచ్చింది, యూనిఫాం పొడవు తగ్గించమని. అద్దం ముందు నిలబడింది, నేను కింద కూర్చుని అంచుకి పిన్నులు పెడుతున్నాను.

"మీ ఆయన ఈమధ్య డిస్పెన్సరీ ముందునుంచి నడవడం లేదండీ. గోడ వెనకనుంచి తిరిగి వెళ్తున్నారు. తూకం అంటే అంత భయమా?"

"సాయంత్రం పిండిపదార్థాలు మానేశారు" అన్నాను.

"మంచిదే. పగలు?"

నేను చెప్పలేదు. చెప్పకపోయినా అర్థమైనట్టుంది.

"సాయంత్రం మానేస్తే కొందరు బాగానే తగ్గుతారమ్మా. భోజనమయ్యాక టీవీ ముందు తినే చిల్లర తిళ్ళన్నీ ఆగిపోతాయి కాబట్టి. అంతేగానీ ఆరు దాటితే రొట్టె విషం కాదు, ఆరులోపు తింటే అమృతమూ కాదు. మధ్యాహ్నం అదంతా కలిపి లాగిస్తే ఇంకేం లాభం? పిండి కొద్దీ రొట్టె అంటారు, రొట్టె కొద్దీ మనిషి" అని నవ్వింది. తర్వాత, "ఇంతకీ ఏమైనా తగ్గారా?" అంది.

"ప్యాంట్లు వదులయ్యాయి."

దొంగకు తేలు కుట్టినట్టు తల వంచుకుని పిన్నులు పెట్టాను. ఒకటి నా బొటనవేలికే గుచ్చుకుంది.

వెళ్తూ వెళ్తూ అంది: "నవంబరు తూకం ఒక్కసారే వేస్తారండీ. ఆరోజు దాటితే మళ్ళీ ఇంకో అవకాశం ఇవ్వరు. చెప్పండి ఆయనకి."

అక్టోబరు 8, బుధవారం

చెప్పలేదు. చేతినిండా పనుంది. ఐదు ప్యాంట్లు, రెండు కోట్లు, ఒక పరుపు కవరు.

అక్టోబరు 9, గురువారం

ఇవాళా చెప్పలేదు. పరుపు కవరు రేపిచ్చినా ఫర్వాలేదన్నారు. అయినా ఇవాళే కుట్టేశాను.

అక్టోబరు 10, శుక్రవారం

మళ్ళీ గాలి. మిషను ఆపేసి వీధి చివరిదాకా వెళ్ళాను. అక్కడ నిలబడితే ఇళ్ళ కప్పుల మీదుగా క్రేన్ పైభాగం కనిపిస్తుంది. కదలకుండా ఉంటే పని ఆపేశారని, ఆయన దిగిపోయాడని అర్థం. కదులుతోంది. అది ఆగేదాకా అక్కడే నిలబడ్డాను. పొరుగింటామె కూరగాయల సంచీతో వెళ్తూ, "ఎవరికోసమండీ?" అంది. "ఊరికే, గాలికి" అన్నాను.

రాసేస్తాను. ఇక్కడ కాకపోతే ఇంకెక్కడ రాస్తాను.

రెండేళ్ళ కిందట ఒక మధ్యాహ్నం గాలి ఉన్నట్టుండి లేచింది. దిగడానికి వీల్లేక ఆయన పైన కేబిన్‌లోనే ఉండిపోయాడు. ఎవరో వచ్చి చెబితే షాపు తలుపు తెరిచే వదిలేసి, మెడలో టేపుతోనే ఓడరేవు గేటు దాకా పరిగెత్తాను. లోపలికి రానివ్వలేదు. ఊచలు పట్టుకుని నిలబడి చూశాను. అంత ఇనుము అలా ఊగుతుందని నాకు అంతకుముందు తెలియదు. చీకటి పడే వేళకి గాలి తగ్గాక దిగి వచ్చాడు. నన్ను గేటు దగ్గర చూసి, "ఏంటే టైలరమ్మా, వంట కాలేదా?" అన్నాడు. దారి పొడుగునా పైనుంచి సముద్రం ఎలా కనిపించిందో చెప్పాడు. నేను ఊ కొట్టాను. అప్పట్నుంచి ఇప్పటిదాకా ఆయనతో ఒక్క ముక్క అనలేదు. అంటే ఏమవుతుంది? నవ్వుతాడు.

నూరు కిలోల కబురు విన్నరోజు నాకు లోపల ఎక్కడో హమ్మయ్య అనిపించింది. ఆయన దిగులు చూడలేక ప్యాంటు వదులు చేశానన్నది నిజం. అలా వదులు చేస్తూ పోతే నవంబరులో తూకం తప్పుతుందని నాకు తెలుసన్నదీ నిజం. ఐదు రొట్టెలకీ వెన్న రాసింది ఈ చెయ్యే.

ఆయన కింద ఉంటే నేను హాయిగా నిద్రపోతాను.

అక్టోబరు 11, శనివారం

సూపు తాగుతూ ఆయనే మొదలుపెట్టాడు. నేనేమీ అడగలేదు.

"నీకు తెలుసా, కిందుంటే నాకు రోజూ ఎవరో ఒకరితో గొడవే. లారీవాడితో, గుమాస్తాతో, సూపర్‌వైజర్‌తో. పైకెక్కి కూర్చున్నాననుకో, అందరూ మంచోళ్ళలాగే కనిపిస్తారు. ఒక్కొక్కడూ వేలెడంత ఉంటాడు. వేలెడంత మనిషి మీద కోపం ఏమొస్తుంది చెప్పు?"

నవ్వాడు. మళ్ళీ అన్నాడు: "సాయంత్రం ఇంటికొచ్చేసరికి నా మనసులో ఎవరి మీదా ఏమీ ఉండదు. అదంతా ఆ కేబిన్ చలవే."

నిజమే. ఇన్నేళ్ళ కాపురంలో ఆయన ఎవరి మీది కోపాన్నీ ఇంటికి మోసుకు రాలేదు. పక్కవాళ్ళ ఆయన వస్తే గిన్నెలు ఎగురుతాయి. మా ఇంటికొచ్చే మనిషి ఈలేసుకుంటూ వస్తాడు. ఆ మంచితనం ఆయన పుట్టుకతో తెచ్చుకున్నాడనుకున్నాను. రోజూ పైకెక్కి తెచ్చుకుంటున్నాడని ఇవాళే తెలిసింది.



అక్టోబరు 12, ఆదివారం

నాలుగు ప్యాంట్లూ విప్పాను. మొదట్లో ఎలా ఉన్నాయో అలా, పాత గీత మీదే కుట్టాను.

అక్టోబరు 13, సోమవారం

పొద్దున బొత్తాం అందలేదు. ఊపిరి బిగబట్టాడు, మునివేళ్ళ మీద లేచాడు, మంచం మీద వెల్లకిలా పడుకుని లాగాడు. ఇంకో ప్యాంటు తీశాడు. అదీ అంతే.

"ఏమే! నాకేదో అయింది. ఒక్కరోజులో ఇంత వాచిపోయానేంటి? డాక్టర్ని పిలు" అని కేకేశాడు. ముఖం తెల్లగా పాలిపోయింది.

అప్పుడు చెప్పేశాను. గుమ్మంలో నిలబడి. ఎప్పుడెప్పుడు, ఎంతెంత వదులు చేశానో, అన్నీ.

ప్యాంటు సగంలో పట్టుకుని అలాగే కూర్చున్నాడు. నవ్వుతాడేమో అనుకున్నాను. నవ్వలేదు.

"ఎందుకు చేశావు?"

"మీరు దిగులు పడుతుంటే చూడలేక."

"అంతేనా?"

"అంతే" అన్నాను.

పిన్నీసు పెట్టుకుని డ్యూటీకి వెళ్ళాడు. డబ్బా తీసుకెళ్ళాడు గానీ వెళ్ళొస్తానని చెప్పలేదు.

పగలంతా ఆ 'అంతే' నన్ను వదల్లేదు. సాయంత్రం గుడ్లు ఆయన ముందు పెట్టి, కూర్చోకుండానే అన్నాను: "పొద్దున సగమే చెప్పాను. మీరు తూకంలో తప్పితే బాగుండునని కూడా అనుకున్నాను. మీరు పైనుంటే నాకు భయం. గాలి లేస్తే వీధి చివరికెళ్ళి నిలబడతాను. రెండేళ్ళనుంచి."

తిన్నాడు. తన పళ్ళెం తనే కడిగాడు. నా పళ్ళెం కూడా కడిగాడు.

అక్టోబరు 14, మంగళవారం

డిస్పెన్సరీకి తనే వెళ్ళి వచ్చాడు. నూట ఐదు.

"తగ్గడానికి పోయి పెరిగాను" అన్నాడు. గోడతో అన్నట్టు అన్నాడు.

అక్టోబరు 15, బుధవారం

మాటల్లేవు. 'ఉప్పు', 'తలుపు', 'నీళ్ళు' తప్ప.

అక్టోబరు 16, గురువారం

పొద్దున నేను కట్టిన డబ్బా విప్పి, ఐదు రొట్టెల్లో మూడు తీసి బల్లమీద పెట్టి, మిగతావి మూతపెట్టి పట్టుకెళ్ళాడు. సాయంత్రం కంపెనీ బస్సు ఎక్కకుండా ఓడరేవునుంచి నడిచి వచ్చాడు. బూట్లు విప్పుతూ, "రెండు రొట్టెలు, మూడు దుంపలు. ఇక అంతే పెట్టు" అన్నాడు. నేను నిజం చెప్పినప్పట్నుంచి నాతో అన్న మొదటి పూర్తి వాక్యం. నాకు ఏడుపొచ్చింది. ఉల్లిపాయలు తరగడం మొదలుపెట్టాను.

ఆయన కోపంగా ఉండడం ఇన్నేళ్ళలో మొదటిసారి చూస్తున్నాను. భయపడాల్సిందే గానీ, ఎందుకో కాస్త తేలిగ్గా ఉంది. ఇంట్లో ఇన్నాళ్ళకి ఇద్దరికీ తెలిసిన సంగతొకటి ఉంది.

అక్టోబరు 19, ఆదివారం

ఎలక మానేసింది. నేనూ సాయంత్రం ఆయన తినేదే బల్ల దగ్గర కూర్చుని తింటున్నాను. మూడురోజులు కాళ్ళూచేతులూ ఆడలేదు. ఆరున్నరకి రొట్టె మీద పుట్టే ప్రేమ నాకు పెళ్ళిలో కూడా పుట్టలేదు.

ఆ మాట ఆయనకి చెప్పాను. మూతి బిగించి నవ్వు ఆపుకోబోయాడు. ఆపుకోలేకపోయాడు.

అక్టోబరు 26, ఆదివారం

తమ్ముడికి సంగతి తెలిసింది.

"అక్కా, నా పరువు గంగలో కలిపావు కదే! సెలూన్‌లో పదిమందికి బావ నడుం చూపించాను. అది నీ కుట్టుపని అని ఇప్పుడు ఏ ముఖం పెట్టుకుని చెప్పమంటావు?"

"చెప్పకు. వాళ్ళు తగ్గుతున్నారా?"

"ఇద్దరు తగ్గారు. ఒకడు పెరిగాడు."

"పెరిగినవాడు మధ్యాహ్నం ఏం తింటున్నాడో అడిగావా?"

"బావలాగా ఐదు తింటున్నాడేమో" అన్నాడు. నర్సమ్మ మాటలన్నీ వాడికి చెప్పాను. శ్రద్ధగా విన్నాడు. రేపట్నుంచి సెలూన్‌లో ఆ మాటలన్నీ వాడివే అవుతాయి.

నవంబరు 6, గురువారం

సాయంత్రం నేను గేటు దాకా ఎదురు వెళ్తున్నాను. ఇద్దరం నడిచి వస్తున్నాం. ఎక్కువ మాట్లాడుకోం. ఇవాళ మాత్రం దారిలో ఉన్నట్టుండి, "ఆరోజు పైన నాకూ భయమేసింది" అన్నాడు.

"ఏరోజు?"

"నువ్వు గేటు దగ్గర టేపు వేసుకుని నిలబడ్డరోజు. కేబిన్‌లో నేలమీద కూర్చున్నా, కుర్చీ పట్టుకుని."

"మరి సముద్రం ఎంత బాగుందో అని చెప్పారు?"

"ఏం చెప్పాలి మరి?"

ఇద్దరం నడిచాం. భలే జంట మాది. ఈయన నా దగ్గర భయం దాచాడు, నేను ఈయన దగ్గర భయం దాచాను.

నవంబరు 14, శుక్రవారం

డిస్పెన్సరీలో అన్నీ కలిపి నూట ఒకటి. ప్యాంటులో వేలు దూరుతోంది. నేను ముట్టుకోలేదు. అయినా ఆయన కుట్టు తిరగేసి, వెలుతురులో పెట్టి చూశాడు. చూడనీ. ఆ హక్కు ఆయనకుంది.

నవంబరు 23, ఆదివారం

సాయంత్రం రొట్టె మానేస్తే తగ్గుతారా అని నిన్న బట్టలివ్వడానికి వచ్చినావిడ అడిగింది. మా ఇంట్లో ఏం జరిగిందో అదే చెప్పాను. మొదటి నెలన్నర మానేసి పెరిగాడు, తర్వాతి నెలన్నర మానేసి తగ్గాడు. సాయంత్రాలు ఒకటే, మధ్యాహ్నాలే వేరు. "అయితే మానేయాలా వద్దా?" అంది విసుగ్గా. ఆ పూట మానేసింది ఇంకోపూట వడ్డీతో తినకపోతే మానెయ్యమన్నాను. ఆవిడకి నచ్చలేదు. తమ్ముడు చెప్పినట్టు చెబితే నచ్చేది.

నవంబరు 27, గురువారం

రేపే తూకం. ప్యాంటు ఇస్త్రీ చేశాను. పనిముట్ల సంచిలోంచి ఆయనే ఒక పాత రెంచీ, తుప్పుపట్టిన తాళం, ఎప్పటివో పిప్పరమెంటు కాగితాలు తీసి పారేశాడు.

తప్పితే బాగుండునని ఇప్పుడు అనుకుంటున్నానా? గట్టిగా ఆలోచించాను. అనుకోవడం లేదు. నెగ్గితే బాగుండునని అనుకుంటున్నానా? అదీ పూర్తిగా రావడం లేదు. ఆయన ముఖం వాలిపోకూడదు. ఇప్పటికి అంతవరకే చేతనవుతోంది.

నవంబరు 28, శుక్రవారం

మధ్యాహ్నం తమ్ముడు కత్తెర చేత్తో పట్టుకునే పరిగెత్తుకొచ్చాడు. "తొంభై తొమ్మిదిన్నర! అక్కా, తొంభై తొమ్మిదిన్నర! ఓడరేవునుంచి గడ్డానికొచ్చినాయన చెప్పాడు." ఆ గడ్డం సగంలో వదిలేసి వచ్చాడట. తిట్టి పంపాను. వాడు వెళ్ళాక మిషను మీద తల పెట్టుకుని కాసేపు ఏడ్చాను. సంతోషమే. చాలావరకు.

సాయంత్రం గేటు దగ్గరికి వెళ్ళాను. కొత్త బెల్టు భుజాన వేసుకుని ఊరేగుతూ వస్తాడనుకున్నాను. ఖాళీ చేతులతో వచ్చాడు.

"బెల్టేదండీ?"

"తీసుకోలేదు."

"అదేంటి? నెగ్గారటగా?"

"నెగ్గాను. సంతకం పెట్టి బెల్టు పట్టుకెళ్ళమన్నారు. సోమవారం చెప్తానన్నా."

"ఏం చెప్తారు?"

"ఇంట్లో అడిగి చెప్తానన్నా" అన్నాడు. చెవులు ఎర్రబడ్డాయి. "అందరూ నవ్వారు. ఆ లారీవాడైతే మరీ."

నేను ఆగిపోయాను. ఆయనా ఆగాడు.

"కింద పని కూడా ఇస్తారు, అడిగి చూశాను. నన్ను ఎక్కమంటావా, వద్దంటావా?"

వేళాకోళం చేస్తున్నాడేమోనని ముఖంలోకి చూశాను. లేదు. నడిరోడ్డు మీద, వచ్చేపోయేవాళ్ళ మధ్య, అంత మనిషీ నా జవాబుకోసం నిలబడి ఉన్నాడు. పెళ్ళికి ముందునుంచే ఎక్కుతున్నాడు ఆ క్రేన్. ఈ ప్రశ్న ఇంతవరకు నన్నెవరూ అడగలేదు. ఎవరైనా అడిగి ఉంటే చెప్పడానికి ఒకే ఒక్క మాట నా నాలుక చివర ఎప్పుడూ తయారుగా ఉండేది: వద్దు.

"ఎక్కండి" అన్నాను.

నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. చాలాదూరం నడిచాక, "గాలి లేస్తే ముందు దిగేది నేనే" అన్నాడు. సరేనన్నాను.

భయం పోలేదు. ఇది రాస్తున్నప్పుడూ ఉంది. కానీ ఇన్నాళ్ళూ దాన్ని నేనొక్కదాన్నే మోశాను. సోమవారంనుంచి ఆయన కూడా దాన్ని మోసుకునే పైకెక్కుతాడు.